ఒడిగింజల మూట

కేదారవతీ రాజ్యానికి పడమటి కొసన, ఏడు నల్లకొండలు భుజం భుజం కలిపి నిలబడ్డ చోట, వాటి నడుమ పచ్చలకోన ఉంది. కొండల మీంచి హోరున దూకే పాలధార అనే జలపాతం కోనలోకి రాగానే కోపం చల్లార్చుకుని, నూరు కాలువలుగా చీలి, అరటితోటల పాదాలు కడిగి, చెరకుమడుల్లో దోబూచులాడి, చివరికి జొన్నచేల గట్లవెంట నిదానంగా నడుస్తుంది. అక్కడి తెల్లజొన్న ఏనుగెక్కినవాడికి కూడా అందనంత ఎత్తున కంకి వేస్తుంది. చిలుకలు, గొరవంకలు, పాలపిట్టలు ఆ కంకుల చుట్టూ కొలువుతీరితే, మంచెల మీది పడుచులు పాటలతో వాటిని తోలుతారు. గాలి వీచిందంటే కోన కోనంతా ఒక్కసారిగా తలూపుతుంది. ఇంతగా వర్ణించడం ఎందుకంటే, ఈ కథ జరిగిన నాడు పొద్దు గూకేలోగా ఇదంతా బూడిదయ్యే యోగం పట్టి ఉంది.

కేదారవతిని ఏలే వీరకేదార మహారాజు ఒక వింత మనిషి. తక్కిన రాజులు ఏనుగులనూ గుర్రాలనూ పోగేసుకుంటూ ఉంటే ఈయన చెరువులు తవ్వించాడు. ఊరికొక సస్యవైద్యుణ్ణి పెట్టాడు. తెగులు సోకిన చేనును రాజభటులు తగలబెడితే, ఆ రైతు ఇంటికి ధాన్యాగారం నుంచి ఏడాది గ్రాసం పంపించాడు. పచ్చలకోనను విత్తనాలకే కేటాయించాడు. రాజ్యంలో ఏ మూల ఏ రైతు విత్తినా ఆ గింజ ఈ కోన కళ్లంలో నూర్చినదే. పొరుగు రాజులు ఈ సంగతి విని పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. కరువొచ్చిన ఏడు వాళ్లే బండ్లు కట్టుకొచ్చి ధాన్యాగారం ముందు వరసగా నిలబడ్డారు.

అటువంటి రాజ్యం మీద ధూమకంఠుడనే మాంత్రికుడి కన్ను పడింది. అతనికి సింహాసనం మీద మోజు లేదు. ఆకలిగొన్న జనం కావాలి. ఆకలిగా ఉన్నవాడు పిలవని పేరంటానికైనా వస్తాడు, ఎవరి కాలైనా పట్టుకుంటాడు, చెప్పిన క్షుద్రపూజల్లా చేస్తాడు. అందుకని జొన్నకు పట్టే కాటుక తెగులును మంత్రించి వదిలాడు. మామూలు కాటుక తెగులు రైతులకు తెలియనిది కాదు. గింజ పైన తెల్లతోలుతో నవనవలాడుతూనే ఉంటుంది, నలిపితే లోపల నల్లటి పొడి. అది ఒక పంట నుంచి మరో పంటకు పాకడానికి ఏడాది పడుతుంది. ధూమకంఠుడి కాటుక మాత్రం ఉదయం గాదెలో పడితే సాయంత్రానికి చేలోని కంకులెక్కుతుంది.

రాజ్యంలో సగం చేలు నల్లబడ్డాక యువరాజు అరిందముడు బయలుదేరాడు. రాచగుర్రాలు కనబడితే చాలు, చేను తగలబెడతారన్న భయంతో రైతులు పాడైన కంకులను గడ్డివాముల కింద దాచేస్తున్నారు. అందుకని అతను విత్తనాల వ్యాపారి వేషం వేసుకున్నాడు. తోడుగా చిన్ననాటి నేస్తం గంపన్నను తీసుకున్నాడు. తెగులును ఊరూరికీ మోస్తున్న మాంత్రికుడి మనిషిని పట్టుకోవాలని వాళ్ల పంతం. విచిత్రమేమిటంటే, వాళ్లు బసచేసి వెళ్లిన ఊళ్లే ఒక్కొక్కటిగా నల్లబడుతున్నాయి. ఆ దుర్మార్గుడు తమ అడుగుల్లో అడుగు వేసుకుంటూ వస్తున్నాడని యువరాజు తీర్మానించుకున్నాడు.

నల్లకొండల కనుమ మొదట్లో ఒక గొర్రెలకాపరి ఎదురయ్యాడు. అడగకముందే చేయి చాచి చూపించాడు.

“నల్లకంబళి కప్పుకున్నోడొకడు ఇప్పుడే కోనలోకి దూరినాడు సామీ. సంకలో ఏందో మూటుండాది,” అన్నాడు. గొంతులో పొగ అడ్డుపడ్డట్టు దగ్గాడు.

అతన్ని అడగవలసినవి చాలానే ఉన్నాయి. అయితే జాడ దొరికిన వేటగాడికి బుర్ర పనిచేయదు. అరిందముడు గుర్రాన్ని అదిలించాడు. గంపన్న, “మెల్లగా దొరా, తిన్నది అరగలే,” అంటూనే వెంటపడ్డాడు.

కనుమలో ఒక చేను. తెగులు సోకిందని ఇటీవలే భటులు తగలబెట్టినది. నేలంతా బూడిద, గట్టు పొడుగునా దిష్టిబొమ్మలు. కుండ తలలు, సున్నపు కళ్లు, గడ్డి చేతులు. గుర్రాలు గట్టు దాటగానే వాటిలో ఒకటి తన ఒంటికాలిని నేలలోంచి పీక్కుని కుప్పించి దూకింది. దాని వెనుక ఇంకొకటి. చూస్తుండగానే గట్టు ఖాళీ అయింది. కనుమంతా టకటకమని కర్రకాళ్ల చప్పుడుతో నిండిపోయింది.

అరిందముడు కత్తి దూశాడు. మొదటి బొమ్మ నడుము తెగింది. తెగిన గడ్డి మళ్లీ పురి పెట్టుకుని అతుక్కుంది. రెండోదాని కుండ తల పగలగొడితే అందులోంచి కాకులు లేచాయి. అవి పెంకులన్నీ ముక్కున కరుచుకొచ్చి తలను యథాతథంగా పేర్చిపెట్టాయి. గంపన్న చెకుముకి కొట్టి ఒకదానికి నిప్పంటించాడు. అది మండుతూనే పరుగెత్తింది, పైగా ఇంకా వేగంగా.

“కొడితే సావవు, తిడితే ఉలకవు! మా అత్తోరూరి జనం మాదిరే ఉండాయి దొరా!” అని గంపన్న గావుకేక పెట్టాడు.

ఒక గడ్డిచేయి గంపన్న గుర్రం కాళ్లకు చుట్టుకుంది. గుర్రం కూలింది. అరిందముడు వంగి నేస్తాన్ని జుట్టు పట్టుకుని తన గుర్రం మీదికి లాగాడు. ముందు లోయ, లోయ మీద తీగల వంతెన. గుర్రం దాని మీదికి ఉరికింది. బొమ్మలు వంతెన కిందినుంచి కోతుల్లా వేలాడుతూ వచ్చాయి. అవతలి ఒడ్డుకు చేరేసరికి ఇద్దరి చొక్కాలూ పీలికలయ్యాయి, ఒళ్లంతా గీతలు పడ్డాయి. అక్కడ, పచ్చలకోనలోకి వాకిలి లాంటి గవని ఎదురుగా కనిపించగానే, బొమ్మలన్నీ ఎవరో చాలని చెప్పినట్టు ఆగిపోయాయి. ఒంటికాళ్ల మీద బారుగా నిలబడి మళ్లీ ఉత్త దిష్టిబొమ్మలయ్యాయి.

గంపన్న గాయాలు చూసుకోలేదు. నడుముకున్న మూట తడుముకున్నాడు.

“నా ఒడిగింజలకేం కాలే. మీవో దొరా?”

అరిందముడి ఉత్తరీయం కొసన మూట కూడా చెక్కుచెదరలేదు. కేదారవతిలో ఒడిగింజలంటే ఒట్టుతో సమానం. అన్నం పెట్టిన ఇంటి గాదెలో అతిథి తన మూటలోంచి పిడికెడు గింజలు పోయాలి. ఆ ఇంటివాళ్లు తమ గాదెలోంచి పిడికెడు తీసి అతని మూటలో పోస్తారు. దాంతో రెండు ఊళ్లకూ చుట్టరికం కలుస్తుంది. ఆ మూటను పారేసినవాడికి ఏడు జన్మల దాకా పట్టెడన్నం పుట్టదంటారు. బిచ్చగాడైనా, రాజైనా మూట లేకుండా ప్రయాణం కట్టడు. కళ్లంలో కొత్తరాశి కనబడితే మరీ మంచిది, మూట మొత్తం అందులో పోయవచ్చు.

పచ్చలకోన గవనికి తలుపుల్లేవు. మోకాలిలోతు వేపనీటి కాలువ, దాని పక్కన వావిలాకు పొగ, పొయ్యి మీద పసుపునీళ్లు మరుగుతున్న, ఒంటె మునిగేంత రాగి కాగు ఉన్నాయి, ఆ కాగు పక్కన కొండమాంబ ఉంది. ఆమె ఒకప్పుడు మహారాణి అంగరక్షకులకు నాయకురాలు. మాట పొదుపు, చేయి దురుసు.

“బట్టలు కాగులో వెయ్యండి. తల గొరిగించుకోండి. కాలవలో మునగండి. అరటినార గోచి తప్ప మరేదీ లోపలికి పోదు,” అందామె.

“అంత తీరిక లేదు తల్లీ. నల్లకంబళివాడు ఇప్పుడే లోపలికి పోయాడు.”

“ఈ పొద్దు ఈ గవని దాటినవాళ్లు లేరు.”

“నీ కళ్లు కప్పి పోయుంటాడు.”

“నా కళ్లు కప్పేవాడు ఇంకా పుట్టలేదు నాయనా.”

అరిందముడు రాజముద్రిక ఉన్న ఉంగరం చూపించాడు. కొండమాంబ వంగి నమస్కరించింది. దారి మాత్రం ఇవ్వలేదు.

“యువరాజా, పోయినేడు మహారాజులుంగారు వస్తే గుండు గీకించే పంపాను. ఆ గుండుతోనే నెల్లాళ్లు కొలువుతీరారు. చూడలేదా మీరు?”

“మొక్కుబడి అని చెప్పారే!”

“ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు. గీకింది మాత్రం మా మంగలే.”

అరిందముడికి ఒళ్లు మండింది. కానీ చూస్తూ చూస్తూ ఆడమనిషి మీద కత్తి ఎత్తలేడు, ఎత్తినా ఆమె దించగలదు. గంపన్నకు కన్ను గీటాడు. గంపన్నకు పిలకంటే ప్రాణం, పైగా కొండలెక్కడంలో ఉడుముకు పాఠం చెప్పగలడు. కడుపునొప్పని పొదలమాటుకు పోయినవాడు, మూటను తలపాగాలో దోపుకుని, పాలధార వెనుక బండలమీదుగా కోనలోకి జారిపోయాడు. కంబళివాణ్ణి వాడు వెతుకుతూ ఉంటే తాను ఈ తతంగం ముగించుకుని కలవవచ్చునని యువరాజు అనుకున్నాడు. విసుక్కుంటూ చొక్కా, పంచె, ఉంగరం ఒక్కొక్కటే కాగులో పడేశాడు.

“ఆ ఉత్తరీయమూ,” అంది కొండమాంబ.

“ఇందులో ఒడిగింజలున్నాయి తల్లీ. పారేస్తే పాపం.”

“పారెయ్యడం లేదు. ఉడకబెడుతున్నాం.”

మూట నీళ్లలో పడింది. కాసేపు తేలింది. గింజలు ఉబ్బి పటపటమని పగిలాయి. అంతే, ఒంటె మునిగే కాగులోని పసుపునీళ్లు అంచుల దాకా కాటుకలా నల్లబడ్డాయి.

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటలాడింది. అరిందముడు కాగులోకి వంగి అలాగే చూస్తూ ఉండిపోయాడు. తమ వెనుక వస్తున్నవాడెవడూ లేడు. తాము తిన్న ప్రతి ఇంట్లో, తమ చేత్తోనే పిడికెడు తెగులును గాదెలో పోసి దండం పెట్టి వచ్చారు. ప్రయాణం మొదటిరోజున ఒక సన్యాసి, చుట్టరికం మొదలుపెట్టండి నాయనా అంటూ ఇద్దరి మూటల్లోనూ తలా పిడికెడు పోశాడు. ఆ సన్యాసీ దగ్గాడు, పొగ అడ్డుపడ్డట్టే. కనుమలో కనిపించిన గొర్రెలకాపరి చుట్టూ ఒక్క గొర్రె కూడా లేదు. దిష్టిబొమ్మలు తరిమింది ఆపడానికి కాదు, మందను దొడ్డికి తోలినట్టు తమను ఇక్కడికి తోలడానికి. మహారాజు రైతుకు నీళ్లిచ్చాడు, విత్తనమిచ్చాడు, వైద్యులనిచ్చాడు. అతిథి మూటను అనుమానించడం మాత్రం ఎవరికీ నేర్పలేదు, ఆయన కొడుక్కి కూడా. యువరాజు సిగ్గుతో చచ్చిపోయాడు. మరుక్షణమే గంపన్న గుర్తొచ్చి, సిగ్గు స్థానంలో భయం వచ్చింది.

“నా నేస్తం లోపలికి పోయాడు. వాడి దగ్గరా మూట ఉంది,” అన్నాడు.

కొండమాంబ మొలనున్న శంఖం చేతికి తీసుకుంది.

“కోనలో తెగులు అడుగుపెడితే శంఖం ఊదమని మీ తండ్రిగారి ఆన. ఊదానంటే లోపలివాళ్లు చేలకూ కళ్లాలకూ నిప్పుపెట్టి గుహల్లోకి పోతారు.”

“మరి విత్తనం?”

“ఒక్క గింజ మిగలదు. వచ్చే ఏడు రాజ్యంలో విత్తేవాడుండడు.”

“నీ మనుషులను పంపించు, పట్టుకుంటారు.”

“వచ్చేపోయేవాళ్ల మురికి బట్టలు ముట్టే చేతులు మావి. గవనివాళ్లు కోనలో కాలు పెట్టరు, అదీ ఆనే. ఈ పొద్దు కళ్లంలో రాశి పోస్తున్నారు. మీవాడు మూట విప్పకముందే పట్టుకోండి. మూటను నిప్పులో వేస్తే నల్లపొగ లేస్తుంది, అది కనబడితే ఊదను. పొద్దు కొండ వెనక్కి పోయేదాకా ఆగుతాను, ఆపైన ఊదుతాను.”

అరిందముడు మారుమాట్లాడకుండా మంగలి ముందు కూలబడ్డాడు. కంగారు క్షవరంలో నెత్తి నాలుగుచోట్ల తెగింది. వేపనీళ్లలో మునిగాడు, పొగలో నిలబడ్డాడు, అరటినార గోచి బిగించాడు. రాజలక్షణాలన్నీ కాగులో ఉడుకుతుంటే, కేదారవతీ యువరాజు గుండుతో, గోచితో కోనలోకి పరుగుతీశాడు.

ఏనుగెత్తు జొన్నలో దారి తెలియదు. ఆకులు రంపాల్లా ఒళ్లు కోశాయి. ఒక కాలువలో పడ్డాడు, ఇంకో కాలువలో కావాలనే దూకి ఈదాడు. దూరంగా డప్పులు వినబడుతున్నాయి, ఏ దిక్కునుంచో అంతుపట్టడం లేదు. చివరికి ఒక మంచె తగిలితే గబగబా పైకెక్కాడు. మంచె మీద ఎవరూ లేరు. రాశి చూడడానికి అందరూ కళ్లానికి పోయినట్టున్నారు. పిట్టలను తోలే వడిసెల గుంజకు వేలాడుతోంది, పక్కన రాళ్ల కుప్ప ఉంది.

అక్కడినుంచి కళ్లం కనిపించింది. ఆవుపేడతో అలికిన నేల, నడుమ తెల్లటి జొన్నరాశి, చుట్టూ జనం. గంపన్న నులకమంచం మీద దర్జాగా కూర్చుని అంబలి తాగుతున్నాడు. తలపాగా, మూట ఏమిటని అడిగితే గవనిలో పొగపెట్టి పంపారని వీడు బొంకాడు. కోనలో ఉన్నవాడు గవని దాటి వచ్చినవాడే కదా అని వాళ్ల నమ్మకం. కంబళివాడి సంగతి అంబలి తాగాక చూసుకోవచ్చని వీడి నమ్మకం. గంపన్న మూతి తుడుచుకుని లేచాడు. రాశి ముందుకు నడిచి తలపాగాలోంచి మూట తీశాడు.

“గంపన్నా! విప్పకు!”

డప్పుల హోరులో ఆ కేక కొట్టుకుపోయింది. అరిందముడు వడిసెల అందుకున్నాడు. విలువిద్యలో అతనికి ఎదురులేదు గాని, వడిసెల పట్టింది చిన్నప్పుడు రాణిగారి తోటలో మామిడికాయలు రాల్చడానికే. మొదటి రాయి అంబలికుండను పగలగొట్టింది. జనం తలలెత్తి చూశారు. గంపన్న మాత్రం భక్తిగా కళ్లు మూసుకుని ముడి మీద వేళ్లు పెట్టాడు. ప్రాణానికి ప్రాణమైన నేస్తం. అరిందముడు ఊపిరి బిగబట్టి రెండో రాయి విసిరాడు. గంపన్న చెవిపైన దెబ్బ పడింది. మొదలు నరికిన అరటిచెట్టులా వెనక్కి పడిపోయాడు. మూట విడలేదు, రాశికి మూరెడు దూరంలో దొర్లి ఆగింది.

అరిందముడు మంచె దూకి కళ్లంలోకి వచ్చేసరికి పదిమంది మీదపడి అతన్ని బోర్లా తొక్కిపట్టారు. కోన పెద్దకాపు ఓబళేసు కొడవలి తెచ్చి మెడ మీద ఆనించాడు.

“ఇంటికొచ్చిన సుట్టాన్ని రాయితో కొడతావంట్రా గుండోడా?”

“మూట ముట్టుకోకండి! నేను యువరాజును!”

“యువరాజంట!” ఎవరో పకపకా నవ్వారు. “గోచి సూడు, గోచి!”

“అందులో తెగులుంది. నా మాట నమ్మండి!”

“గవని దాటొచ్చిన మూటకు తెగులేందిరా? మా రాజు పెట్టించిన గవని అది,” అన్నాడు ఓబళేసు. తండ్రి ఏళ్ల తరబడి కష్టపడి పుట్టించిన నమ్మకం కొడుకు వీపు మీద మోకాలు పెట్టి కూర్చుంది.

ఇంతలో తిప్పమ్మ అనే ముసలావిడ వంగి మూట తీసుకుంది. కళ్లంలో మొదటి చేట ఎత్తేది ఎప్పుడూ ఆవిడే. మూటను కళ్లకద్దుకుంది.

“అయ్యో పాపం, మొక్కు తీరకముందే పడిపాయ గదా ఈ నాయన. ఆయప్ప పోసేది మనమే పోద్దాం. పున్నెమన్నా దక్కుతాది,” అంటూ రాశి మీదికి చేతులు చాచి ముడి విప్పబోయింది.

అరిందముడు గింజుకున్నాడు. గంపన్న స్పృహలో లేడు. ఉంగరం కాగు అడుగున ఉంది. నిజం చెబితే నమ్మేవాళ్లు లేరు. ముడి ఒక పేట వదులైంది. పొద్దు కొండ అంచును తాకింది.

“అవ్వా, ఆగు!” అని అరిచాడు. “ఆ మూటలో కాటుక పెట్టింది నేనే. ఊరూరికీ తెగులు మోసింది నేనే. మీరంతా వెతుకుతున్న ధూమకంఠుడి మనిషిని నేనే!”

అందులో ఎంత అబద్ధమో అతనికే తెలియలేదు. డప్పులు ఆగిపోయాయి. తిప్పమ్మ చేతులు రాశి మీదినుంచి వెనక్కి వచ్చాయి. నమ్మింది. మంచివాడినని చెప్పుకుంటే నమ్మనివాళ్లు చెడ్డవాణ్ణని చెప్పగానే నమ్మారు. ధూమకంఠుడి మనిషి చిక్కితే విచారణ అక్కర్లేదని, చిక్కినచోటే తల తీయవచ్చని రాజ్యమంతటా చాటింపు ఉంది. ఆ చాటింపు వేయించినవాడు అరిందముడే.

“నువ్వేనంట్రా?” అన్నాడు ఓబళేసు. “మా అల్లుడి సేనంతా బొగ్గయిపాయె. నువ్వేనా?”

“నేనే. ముందు ఆ మూట పొయ్యిలో వెయ్యమని చెప్పు.”

తిప్పమ్మ మూటను ఒంటికి దూరంగా, తోక పట్టి ఎత్తిన పాములా పట్టుకుని అంబలిపొయ్యి దాకా నడిచింది. అది మంటలో పడి భగ్గుమని, నల్లపొగ గవనికి కనబడేంత ఎత్తు లేచేదాకా అరిందముడు రెప్ప వేయలేదు. పొద్దు కొండ వెనక్కి జారింది, శంఖం మోగలేదు. అప్పుడతను నుదురు నేలకు ఆనించాడు. ఓబళేసు కొడవలి పైకెత్తాడు.